మూటలో మగ్గిన గొంతులు

పొద్దున్నే కాఫీ తాగి, పేపర్లో పెద్దక్షరాలు మాత్రం చూసి పక్కన పడేసి, రామమోహనరావు హాల్లో చాప పరుచుకుని కూర్చునేవాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసి రిటైరైన మనిషి. కాగితాలు సర్దడంలో చెయ్యి తిరిగినవాడు. కుడివైపు పోలీసులవి, ఎడమవైపు డాక్టర్లవి, ఎదురుగా సాక్షుల వాంగ్మూలాలు, గోడవారగా ఇంకా విప్పని బస్తాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఫ్లాటు కొన్న కొత్తలో హాలు పెద్దదని మొగుడూ పెళ్ళాం మురిసిపోయారు. కూతురి చావు మీద సర్కారు రాసిన కాగితాలకే అది చాలకుండా పోతుందని ఎవరనుకుంటారు?

కూతురి పేరు సింధూర. చైతన్యపురిలో బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకునేది. ఒక సాయంత్రం క్లాసు నుంచి ఇంటికి రాలేదు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర రింగు రోడ్డు పక్క తుప్పల్లో దొరికింది. టీవీల వాళ్ళు దానికి 'రింగు రోడ్డు కేసు' అని పేరు పెట్టారు, జనం కొవ్వొత్తులు పట్టుకుని రోడ్లమీద నడిచారు. ఉపేందర్ అనే ఆటో కుర్రాణ్ణి పోలీసులు పట్టుకోవడం, వాడికి యావజ్జీవం పడటం అయ్యేసరికి జనానికి ఇంకో కేసు దొరికింది. సింధూర పోయిన ఎనిమిదేళ్ళకు హైకోర్టు ఆ తీర్పు చెల్లదని కొట్టేసి, మళ్ళీ విచారించమని ఎల్బీ నగర్ కోర్టుకు పంపింది. రామమోహనరావు ఒంటికాలి మీద లేచాడు. వాడెలా బయటికొస్తాడో చూస్తాను, కేసు కాగితాలన్నీ నాకిప్పించండి అని అర్జీ పెట్టాడు. పోలీసులు పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్న రోజులు కావడంతో, కాపీలు మీరుంచుకుని అసలు కాగితాలు ఆయనకే ఇచ్చెయ్యండి అంది కోర్టు.

అది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం భార్య కోటేశ్వరమ్మకు ఒక్కదానికే తెలుసు.

కాగితాన్ని కొన్నేళ్ళు మూటకట్టి ఉంచితే గడ్డిలో పెట్టిన మామిడికాయలా మగ్గుతుంది. అప్పుడు విప్పితే, అందులోని మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది. మడిచేస్తే ఆగిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో చాలామంది ఇంటి దస్తావేజులు బ్యాంకు లాకర్లలో పెట్టేది దొంగల భయంతో కాదు, స్థలం అమ్మిన ముసలాయన గొణుగుడు పడలేక. కొత్త కాగితం మూగది. జిరాక్సు కాపీ ఎన్నేళ్ళు మగ్గబెట్టినా మూగదే. సింధూర ఎప్పుడైనా ఫోను పోయిందనో, ఎవడో వెంటపడుతున్నాడనో స్టేషన్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ ముక్క ఈ బస్తాల్లో ఎక్కడో ఉంటుంది. ఇంట్లో ఉన్న వీడియోలు చూసి చూసి ఇద్దరికీ కంఠతా వచ్చేశాయి. ఇంతకు ముందు వినని మాట ఒక్కటి దొరికితే చాలని వాళ్ళ ఆశ.

"ఏవండీ, ఏమన్నా వినిపించిందా?" అని వంటింట్లోంచి కోటేశ్వరమ్మ అడిగేది.

"ఇంకా లేదే."

"సరిగ్గా చూడండి. ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి."

కట్టలు ఒక్కొక్కటే విప్పుతూ, వింటూ, మడుస్తూ పోయాడు. ప్రయోగశాల నివేదికలు ఆవలిస్తున్న గొంతులతో పలికాయి. పోస్టుమార్టం కాగితం విప్పినప్పుడు, ఎవరో డాక్టరు తన కూతురి ఒంటిమీద గాయాలను కూరగాయల బేరంలాగా వరసపెట్టి చెప్పుకుపోయాడు. రామమోహనరావుకు అది వెంటనే మడవాలని కూడా తోచలేదు. ఆ మధ్యాహ్నం కింది ఫ్లాటు అండాలమ్మ మెట్లెక్కి వచ్చింది.

"అన్నా, ఏమనుకోకుండ్రి. గా డాక్టర్ కాగితాలు జర పిల్లలు అన్నం తినే యాళ్ళకు ఇప్పకుండ్రి. మా మనవరాలు ముద్ద ముడ్తలేదు."

"తప్పయిందమ్మా, తలుపు వేసుకుంటాను" అన్నాడు. అండాలమ్మ కోటేశ్వరమ్మ భుజం నిమిరి వెళ్ళిపోయింది.

చివరికి సాక్షుల కట్ట విప్పాడు. మొదటిది బిక్షమయ్యది. చైతన్యపురి బస్టాపు దగ్గర చాయ్ బండి నడిపేవాడు, ఇబ్రహీంపట్నం పక్క పల్లెటూరు మనిషి. సింధూర కోసం బస్టాపులో నిలబడ్డ రోజుల్లో రామమోహనరావు అతని దగ్గర ఎన్నిసార్లు చాయ్ తాగాడో. కాగితం విప్పగానే నిండైన మగ గొంతొకటి, "ఆయ్, నేను చూసానండీ. ఆ కుర్రోడు ఆ అమ్మాయిని రోజూ ఏడిపిస్తా ఉండేవోడండీ" అంది.

ఏదో తారుమారైందనుకున్నాడు. ఇబ్రహీంపట్నం మనిషి చచ్చినా అలా మాట్లాడడు. అది పక్కన పెట్టి కోచింగు సెంటరు వాచ్‌మన్ రామస్వామిది విప్పాడు. నల్గొండ మనిషి. "ఆయ్, నేను గేటు కాడే ఉన్నానండీ" అని మళ్ళీ అదే గొంతు. పూలమ్ముకునే కిష్టమ్మ కాగితం విప్పితే ఆడమనిషి మాట కూడా ఆ మగ గొంతులోనే వచ్చింది. కట్టంతా అదే గొంతు, అదే గోదావరి యాస, అవే అండీలు.

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ఇన్‌స్పెక్టర్ సత్తిరాజుది.

సింధూర శవం దొరికిన మర్నాడు సత్తిరాజు ఇంటికొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, "మీది రాజోలటగదండీ? మాది మలికిపురం. మీరేం బెంగెట్టుకోకండి, నేనున్నాను" అన్నాడు. అంతే, ప్రాణం లేచొచ్చింది. హైదరాబాదులో ముప్పై ఏళ్ళ పైన ఉండి, ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి జీతం తిని కూడా, కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు ఈ జబ్బు వదల్లేదు. సొంత యాస చెవిన పడితే చాలు, మనిషిని నమ్మెయ్యడమే. ముక్కూ మొహం తెలియనివాడు మనవాడైపోతాడు, పక్క బండి మీద రోజూ చాయ్ పోసేవాడు పరాయివాడుగానే మిగులుతాడు. సత్తిరాజు కాగితాలు చాపితే, చదివే ఓపిక లేక, మనవాడే కదా అని, చూపించిన చోటల్లా రామమోహనరావు సంతకం పెట్టాడు.

ఆ సంతకం పెట్టిన కాగితం కూడా కట్టలోనే ఉంది. దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు విప్పకుండా కూర్చున్నాడు. విప్పాక, "ఆ ఆటో కుర్రోడు మా అమ్మాయి దారికి అడ్డం తగలడం నా కళ్ళారా చూసానండీ" అని సత్తిరాజు గొంతు పలికింది.

కోర్టులో బోనెక్కి తనూ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా, గేటు దగ్గర ఆటో, ఖాకీ చొక్కా, కూతురి బెదురు చూపు కళ్ళకు కట్టినట్టు కనబడేవి. ఎనిమిదేళ్ళు ఆ బొమ్మను చూసుకునే పళ్ళు నూరాడు. ఇప్పుడు ఆ బొమ్మలోంచి ఆటో పోయింది, చొక్కా పోయింది. వట్టి గేటు మిగిలింది. తను ఉపేందర్‌ను మొదటిసారి చూసింది టీవీలో.

ఆ కట్టకు అడుగున ఒక కాగితం ఉంది. పురికొస కోసుకుపోయి మంచి కాగితాలు పాడవకుండా, పోలీసు రైటర్లు కట్టకు పైనా కిందా చిత్తు కాగితాలు పెడతారు. పైన పెట్టింది ఎప్పుడో పొడుమైపోయింది. అడుగుది మాత్రం నిక్షేపంగా ఉంది. పారేసేదే కదా అని దాన్ని బస్తాలో వెయ్యబోతుంటే మడత విడింది.

"సార్, నేను ఉపేందర్‌ని. ఆటో నడుపుత" అంది లేత గొంతు. "నిన్న మాపటికి గా పిల్ల చైతన్యపురి కాడ నా ఆటో ఎక్కింది సార్. ఎల్బీ నగర్‌ల బట్టలు కుట్టనిచ్చిన, తెచ్చుకుంట అన్నది. దారి పొడుగూత ముచ్చట వెట్టింది. 'అన్నా, గిట్ల మాట్లాడితే మా నాన్నకు మస్తు కోపమొస్తది. ఇంట్ల ఆయన భాష, బయట మీ భాష. నిద్రల ఏ భాష మాట్లాడ్తనో మా అమ్మనడగాలె' అని ఒక్కటే నవ్వుడు సార్. నాకు గుడ నవ్వొచ్చింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రింగు కాడ దిగింది సార్. దిగంగనే తెల్ల కారొకటి వచ్చి ఆగింది. ఇద్దరు దిగి పిల్లను రెక్క వట్టి లోపటికి గుంజిన్రు. నేను ఒర్రిన సార్. ఆటో తిప్పి ఎంబడి పోయిన. హయత్‌నగర్ దాటినంక దొరకలే. ఇంటికి పోయి మా అమ్మకు చెప్పిన. పోయి పోలీసోళ్ళకు చెప్పుమన్నది. గందుకే వచ్చిన సార్."

కాగితం ఆగింది. సాక్ష్యం చెప్పడానికి తనంతట తను నడిచొచ్చిన కుర్రాణ్ణి అక్కడే కూర్చోబెట్టి ముద్దాయిని చేసేశారన్న మాట. నవ్వు దాకా విని, 'రింగు కాడ' దగ్గరే చెవులు మూసేసుకున్న కోటేశ్వరమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన చతికిలబడింది.

"మొదటి ముక్క మళ్ళీ వినిపించండి" అంది. నవ్వు దాకా విని, 'రింగు కాడ' అనేసరికి కాగితం మడిచేసింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ అక్కడే మడిచింది. సాయంత్రం దాకా అంతే.

శ్రీకర్ కోటేశ్వరమ్మ తమ్ముడి కొడుకు, ఎల్బీ నగర్ కోర్టులో ప్లీడరు. ఈ కేసులో మేనత్త తరఫున సర్కారీ ప్లీడరుకు సాయంగా ఉన్నాడు. కబురు చేస్తే వచ్చి, అన్ని గొంతులూ విన్నాక లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"మావయ్యా, ఈ అడుగు కాగితం కోర్టు లెక్కల్లో లేదు. చింపేస్తే అడిగేవాడు లేడు."

"చింపేసి?"

"సోమవారం విచారణలో బోనెక్కి అప్పుడు చెప్పిందే చెప్పండి. సత్తిరాజు గారు ఏనాడో రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్నారు. ఆయన్ని ఎవరూ ఏం చెయ్యరు. మీరు మాట మారిస్తే మాత్రం అబద్ధపు సాక్ష్యం చెప్పారని మీమీద కేసు పెడతారు. ఈ వయసులో జైలంటే మాటలా?" కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "పైగా వీడు కాకపోతే ఇంకెవరు మావయ్యా? ఆ కారు ఎవరిదో ఈ జన్మలో తేలదు. ఇన్నాళ్ళూ మీరు తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉన్నాడు."

రామమోహనరావు ఆ అడుగు కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. శ్రీకర్ అన్నదీ అబద్ధం కాదు. పగ పోతే ఇంక తనకేం మిగులుతుందో ఆయనకు నిజంగానే తెలియలేదు, ఆ తెలియకపోవడానికి భయం వేసింది.

ఆదివారం పొద్దున చైతన్యపురి దాకా నడిచి వెళ్ళాడు. బిక్షమయ్య జుట్టు నెరిసినా బండి అక్కడే ఉంది. చాయ్ ఇస్తూ ఆయన మొహం చూశాడు.

"నువ్వు చూశావా బిక్షమయ్యా, ఆ రోజు?"

"నేనేం సూడలే సార్. ఠానకు తోలుకపోయి సంతకం వెట్టుమన్నరు. పెట్టకుంటే బండి ఉండదన్నరు. పిల్లలున్నోణ్ణి, పెట్టిన." గ్లాసు కడుగుతూ తల దించుకుని, "మీరు సూసిన్నని చెప్పిన్రు గద సార్. కన్నతండ్రే సూసినంక ఇంగ నాదేముంది అనుకున్న" అన్నాడు.

రామమోహనరావు గ్లాసు బండి మీద పెట్టేశాడు. తనేమో సత్తిరాజును నమ్మాడు, వీళ్ళేమో తనను నమ్మారు. ఇంటికి వచ్చి కోటేశ్వరమ్మతో, "రేపు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను" అన్నాడు.

"జైల్లో పెడతారేమోనండీ."

"పెట్టనీ."

 ఆవిడ మర్నాడు కోర్టుకు వేసుకెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది గానీ తను రానంది. ఆ కాగితం చివరిదాకా వినే ధైర్యం తనకు లేదంది.

సోమవారం కోర్టులో జడ్జిగారు వినపడటం లేదని ఫ్యాన్లు ఆపించారు. మొదట రామమోహనరావు వాంగ్మూలం విప్పారు. ఎదురుగా ఆయన నిలబడి ఉండగానే సత్తిరాజు గొంతు హాలంతా పలికింది.

"ఇది మీ వాంగ్మూలమేనా?"

"సంతకం నాదండి. మాట నాది కాదు."

"మరి అప్పుడు బోనులో ఎందుకు చెప్పారు?"

"మనవాడు రాశాడు కదా, నిజమే అయ్యుంటుంది అనుకున్నానండి" అన్నాడు. ఆ మాట బయటికొచ్చాక అదెంత సిగ్గుమాలిన మాటో తన చెవులకే తెలిసింది.

తర్వాత ఉపేందర్ కాగితం విప్పారు. కుర్రతనం పోయి, పళ్ళు ఊడి, మెడ ఒకవైపు వాలిపోయి ఉన్నాడు ఉపేందర్. కాగితం మాట్లాడుతుంటే, ఎవరు మాట్లాడుతున్నారా అని అటూ ఇటూ చూశాడు. ఆ గొంతు తనదేనని గుర్తుపట్టలేదు. వెనక బెంచీ మీద వాళ్ళమ్మ పూలమ్మ మాత్రం గుర్తుపట్టి, నోట్లో కొంగు కుక్కుకుంది.

ఉపేందర్‌ను వదిలేశారు. రామమోహనరావు మీద కేసు పెట్టారు, అది ఇంకా నడుస్తోంది. తెల్ల కారు సంగతి చూడటానికి కొత్త అధికారిని వేశారని టీవీల్లో చెప్పారు. కాగితానికి కాపీ తీసుకుని, అసలుది ఎవరిదగ్గరి నుంచి వచ్చిందో వాళ్ళకే ఇచ్చేసింది కోర్టు. అది కోటేశ్వరమ్మ దేవుడి గూట్లోకి చేరింది. రోజూ స్నానం చేసి దీపం పెట్టి, నవ్వు దాకా విని మడిచేది.

నెల తిరక్కుండానే పూలమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కుర్చీలు చూపించినా కూర్చోలేదు.

"అన్నా, నేనే తోలిన వీన్ని ఠానకు. సూసింది సూసినట్టు చెప్పి రా బిడ్డా, ఎవరి పిల్లనో ఏమో అని. నాలుగు బుక్కలు తిని పోత అన్నడు. వచ్చినంక తిందువు పో అన్న." ఆవిడ ఏడవడం లేదు. ఆ మాట ఎంతమందికి చెప్పుకుందో. "ఇప్పుడొచ్చిండు. గని మాట లేదు. జైల్ల ఏం జేసిన్రో, నోరు ఇప్పడు. ఆకలైనా అడగడు. మొన్న కోర్టుల వాని గొంతు ఇన్న. ఆ కాగితం నాకియ్యుండ్రి అన్నా, నీ కాల్మొక్త."

రామమోహనరావు లోపలి గది వైపు చూశాడు. అది తప్ప కూతురిది ఈ ఇంట్లో కొత్త మాట ఇంకేమీ లేదు. "అది కోర్టువాళ్ళ దగ్గరే ఉండిపోయిందమ్మా" అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

సరిగ్గా అప్పుడే లోపల గదిలో కాగితం విడింది. 'సార్, నేను ఉపేందర్‌ని. ఆటో నడుపుత.' ఇంటికి ఎవరొచ్చారో కోటేశ్వరమ్మకు తెలియదు. పూలమ్మ గోడ పట్టుకుంది. ముగ్గురూ హాల్లో నిలబడి అలాగే విన్నారు. నవ్వు అయ్యాక చప్పుడు ఆగింది.

బయటికొచ్చిన కోటేశ్వరమ్మ పూలమ్మనూ, కొడుకునూ, భర్త మొహాన్నీ చూసింది. ఎవరూ చెప్పకుండానే సంగతి తెలిసిపోయింది. చేతిలో మడిచి ఉన్న కాగితాన్ని కాసేపు గుండెకు పట్టుకుని, ముందుకొచ్చి పూలమ్మ చేతిలో పెట్టింది.

"నా బిడ్డ లేదు. నీ బిడ్డ ఎదురుగా ఉన్నాడు. తీసుకెళ్ళమ్మా" అంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో రోజులు గడవడం కష్టమైంది. దీపం పెట్టి గూటి ముందు ఊరికే కూర్చునేది కోటేశ్వరమ్మ. అన్నం తగ్గిపోయింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున, "ఒక్కసారి విని వచ్చేద్దామండీ. ఆవిడ కాదనదు" అంది. ఇద్దరూ మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ పూలమ్మ ఉండే రేకుల ఇంటికి వెళ్ళారు.

పూలమ్మ వాళ్ళను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "కాగితం ఇప్పుడు మాట్లాడ్తలేదు అక్కా" అంది.  "రోజూ వీనికి ఇనిపిచ్చిన. పెదవులు ఆడిచ్చుడు మొదలువెట్టిండు. కాగితం గొంతు సన్నగైతుంటే వీని గొంతు పెరిగింది. ఇప్పుడు వీడే మాట్లాడ్తుండు. గని గవే మాటలు, ఇంకోటి రాదు. నీళ్ళు గావాలన్నా గదే మొదలువెడ్తడు. మొదలువెడితే ఆఖరు దాక పోవాలె, నడుమ ఆగడు."

కొత్త అధికారి రెండుసార్లు వచ్చి, ఎదురుగా కూర్చుని అంతా రాసుకుపోయాడట. ఏం అడిగినా మళ్ళీ మొదటి నుంచే చెప్పడంతో, కారు రంగు తప్ప ఇంకేం దొరకలేదట.

ఉపేందర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోటేశ్వరమ్మ ఎదురుగా కింద కూర్చుంది. "బాబూ" అంది. అతను ఆవిడను చూశాడు.

"సార్, నేను ఉపేందర్‌ని. ఆటో నడుపుత." ఊడిన పళ్ళ మధ్య నుంచి కుర్రవాడి గొంతే వచ్చింది. చైతన్యపురి వచ్చింది, కుట్టుకిచ్చిన బట్టలు వచ్చాయి. నాన్న కోపం, అమ్మనడగాలన్న మాట వచ్చాయి. 'ఒక్కటే నవ్వుడు సార్' అన్నప్పుడు అతని మొహం నిజంగానే నవ్వింది. కోటేశ్వరమ్మా నవ్వింది.

"రింగు కాడ దిగింది సార్."

ఆవిడ చేతులు అలవాటుగా పైకి లేచాయి. మడవడానికి అక్కడేమీ లేదు. రామమోహనరావు ఆవిణ్ణి లేవదీసి తీసుకెళ్ళిపోదామని భుజం పట్టుకున్నాడు. ఆవిడ కదల్లేదు. ఇన్నాళ్ళూ తను వినకుండా మడిచేసిన కూతురి చివరి ఘడియ అతని నోటివెంట ఒక్కొక్క మాటగా వస్తుంటే, ఆ చేతులతో అతని మోకాళ్ళు పట్టుకుని, తెల్ల కారు దాకా, రెక్క పట్టి గుంజిన దాకా, హయత్‌నగర్ దాటిన దాకా విన్నది. అతను కారు వెంట వెళ్ళాడని, ఆ రోడ్డు మీద తన బిడ్డ కోసం ఒక్కడైనా కేకలు పెట్టాడని అప్పుడే మొదటిసారి తెలిసింది ఆవిడకు.

"గందుకే వచ్చిన సార్" అని ఉపేందర్ ఆగాడు.

"మంచి పని చేశావు నాయనా" అంది కోటేశ్వరమ్మ. ఆ మాట అతనికి ఎనిమిదేళ్ళ కిందట ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.